గుమ్మం దాటని మంచం

మా చిన్నాడికి ఐదేళ్లు నిండినా, నా చీరకొంగు పిడికిట్లో పట్టుకుంటేగాని నిద్రపట్టేది కాదు. నేను పక్కకి ఒత్తిగిలాలన్నా వాడి వేళ్లు ఒక్కొక్కటే విడిపించుకోవాలి. పెద్దాడికి ఎనిమిది. బడి తెరిచేలోగా ఇద్దరినీ వేరే గదిలో పడుకోబెట్టాలని గట్టిగా అనుకున్నాను.

"రైలు మంచం చేయిస్తేనే వెళ్తా" అన్నాడు చిన్నాడు. కిందొకటి, పైనొకటి ఉండే మంచానికి వాడు పెట్టుకున్న పేరది.

కొబ్బరికాయలు పోసుకునే గది ఖాళీ చేయించాం. గోడలకి నీలం రంగు వేయించాను. పైకప్పు నిండా కాగితం చుక్కలు అంటించాం. మంచం పని మాత్రం మావారు, మా రొయ్యల చెరువులకి మేత చల్లే దోనెలు కట్టే మేస్త్రిగారికి అప్పగించారు. పెరట్లో పని మొదలైంది, నాకు దిగులు మొదలైంది. పైనుంచి పెద్దాడు పడిపోతే? రోజుకి మూడుసార్లు వెళ్లి అడ్డుకమ్మీ ఇంకాస్త ఎత్తు పెంచమనేదాన్ని.

"ఆయ్, పెంచుతానండి. ఇంకో జానెడు పెంచేమంటే కోళ్లగూడు అయిపోద్దండి" అన్నారాయన ఓపిగ్గా.

మేకు అన్నది లేకుండా, చెక్కలో చెక్క దిగ్గొట్టి మొత్తం బిగించేశారు. నలుగురు మనుషులు ఎత్తి వసారా ఎక్కించారు. గది గుమ్మం దగ్గర ఆగిపోయారు. నిలబెట్టి చూశారు, పక్కకి వాల్చి చూశారు. పట్టలేదు.

"కొలతలు తియ్యలేదా మేస్త్రీ?" అన్నారు మా అత్తయ్యగారు.

"గదికి తీసేనండి. గుమ్మానికి తియ్యలేదండి." ఆయన తల గోక్కున్నారు. "దోనెకి గుమ్మంతో ఏం పనండి? గట్టు మీద కడతాం, నీళ్లలోకి తోసేస్తాం."

"అయితే దీన్నీ చెరువులోకే తోసెయ్యి. పిల్లలు అక్కడే పడుకుంటారు."

విప్పి మళ్లీ బిగించడం కుదరదట, కోయాల్సిందేనట. ఆ మాట వినగానే చిన్నాడు మంచం కాలు కావలించుకుని ఏడుపు లంకించుకున్నాడు. సరే, రేపు చూద్దామని వసారాలోనే వదిలేశాం. నాకూ కాస్త నిరాశగానే ఉంది. నిజం చెప్పాలంటే, కొంగు ఇంకో నాల్రోజులు వాడి పిడికిట్లోనే ఉంటుందని లోలోపల సంతోషం కూడా.

ఆ మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుంటుంటే ఇంట్లో ఎక్కడా చప్పుడు లేదు. చప్పుడు లేకపోతే నాకు ముందు పెరటి వెనకున్న పంటకాలవే గుర్తొస్తుంది. గరిటె చేత్తోనే వసారాలోకి పరిగెత్తాను. ఇద్దరూ మంచం మీదే ఉన్నారు. పైన బోర్లా పడుకున్న పెద్దాడు తన దుప్పటి కొస కమ్మీల సందులోంచి కిందికి వేలాడదీశాడు. దాన్ని పిడికిట్లో పట్టుకుని కింద చిన్నాడు నిద్రపోతున్నాడు.

ఇక మంచాన్ని ఎవరూ కోయలేదు. వసారా చుట్టూ దోమలు దూరని జాలీ కట్టించి, తలుపు పెట్టించాం. పిల్లల గది అదే ఇప్పుడు. చుక్కలతో సహా నీలం గది నాకు మిగిలింది. ఎంత కడిగినా కొబ్బరి వాసన పోలేదు, అందులోనే కూర్చుని ఇది రాస్తున్నాను. ఇప్పటికి రెండుసార్లు లేచి వాళ్లని చూసొచ్చాను. రెండోసారి పెద్దాడు కళ్లు తెరవకుండానే అన్నాడు, "మళ్లీ ఎందుకొచ్చేవమ్మా? వాడు పడుకున్నాడు. నువ్వూ పడుకో."

పడుకుంటాను. ఇంకొక్కసారి చూసొచ్చి.