చెవుల మేస్త్రీ పక్క సీటు

ఆ వీధిలో బళ్లు బాగుచేసే షెడ్లు చాలానే ఉన్నాయి. బ్రేకుల సంగతి వచ్చేసరికి మాత్రం అందరూ చెవుల మేస్త్రీ దగ్గరికే పోయేవారు. ఆయన చెవులేం పెద్దవి కావు. బండెక్కి వీధి చివరిదాకా వెళ్లి, నాలుగుసార్లు బ్రేకు తొక్కి తిరిగొచ్చి, చక్రమైనా విప్పకుండా "ముందువైపు ప్యాడ్లు అయిపోవచ్చాయి" అనో, "ఇంకా బోలెడుంది, పోయి పని చూసుకో" అనో చెప్పేసేవాడు. ఆ మాట తప్పింది లేదు. అందుకని ఆ పేరు.

బ్రేకు ప్యాడంటే పెద్ద విషయమేం కాదు. చక్రంతోపాటు ఒక ఇనప పళ్లెం తిరుగుతూ ఉంటుంది. దాన్ని డిస్కు అంటారు. బ్రేకు తొక్కగానే రెండు బిళ్లలు అటూ ఇటూ నుంచి దాన్ని గట్టిగా పట్టుకుంటాయి. పట్టుకున్నప్పుడల్లా కాస్త కాస్త అరుగుతాయి. సబ్బు అరిగినట్టే, రోజూ చూసేవాళ్లకి ఎప్పుడు అరిగిందో తెలీదు. అందుకే ఆ బిళ్లకి ఒక చిన్న రేకు ముక్క పెడతారు. బిళ్ల బాగా పల్చబడ్డాక ఆ రేకు డిస్కుకి తగిలి సన్నగా, పళ్లు జివ్వుమనేలా కూస్తుంది.

"ఆకలేసి ఏడ్చే పసిపిల్ల లాంటిదది. ఏడ్చినప్పుడే పట్టించుకోవాలి. ఏడ్చి ఏడ్చి ఊరుకుందంటే బాగుందని కాదు" అనేవాడు మేస్త్రీ.

ఆయన భార్య రోజూ మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని షెడ్డుకి వచ్చేది. ఆయన తిన్నాక గిన్నెలు సర్దుకుని ఇంటికి పోవచ్చు కదా, పోయేది కాదు.

"నడిపి చూడాల్సిన బళ్లేమైనా ఉన్నాయా?" అని అడిగేది.

"ఉన్నాయి. నీకెందుకు?"

"ఇంట్లో ఉక్కగా ఉందండీ. పక్కన కూర్చుంటే కాస్త గాలి తగులుతుంది."

అలా అలవాటైపోయింది. పొద్దుటి నుంచి వచ్చిన బళ్లన్నీ ఆవిడ వచ్చేదాకా ఆగేవి. పక్క షెడ్డువాళ్లు "మేస్త్రీగారి షికారు మొదలైందిరోయ్" అని నవ్వుకునేవారు. ఆవిడ కొంగు భుజం చుట్టూ కప్పుకుని, పెళ్లికి బయల్దేరినట్టు దర్జాగా పక్క సీట్లో కూర్చునేది. ఆయన బ్రేకు తొక్కగానే కిటికీలోంచి బయటికి చూస్తూ, ఏదో పనిలేని మాటలా "ఇటువైపేదో కూస్తున్నట్టుంది కదండీ" అనేది.

ఆయనకి ఒళ్లు మండేది. "నాకు వినపడలేదనుకున్నావా? అదే చెప్పబోతున్నా."

"వినపడే ఉంటుందిలెండి. నాది ఉత్త నోటి దురద."

ఒక్కోసారి ఆయన తొందరపడి "ఏం లేదు, శుభ్రంగా ఉంది" అనేసేవాడు. అప్పుడావిడ "ఇంకొక్క చుట్టు తిప్పండి, ఇంకా చెమటారలేదు" అనేది. ఆ రెండో చుట్టులో ఎలాగో ఆ కూత సంగతి మాటల్లో వచ్చేసేది. షెడ్డుకి తిరిగొచ్చాక ఆయన దిగి గట్టిగా "ప్యాడ్లు మార్చాలి" అని చెబితే, ఆవిడ క్యారియరు పట్టుకుని చప్పుడు చేయకుండా ఇంటిదారి పట్టేది.

ఆవిడ ఒక వానాకాలంలో జ్వరమని పడుకుంది. మళ్లీ లేవలేదు.

ఆ తర్వాత ఇల్లు మూగబోయింది. కొడుకు కార్ఖానాలో షిఫ్టులు చేసి వచ్చి పడుకునేవాడు. కోడలు ముందు గదిలో కుట్టుమిషను ముందు కూర్చుంటే తల ఎత్తేది కాదు. ఇద్దరూ మంచివాళ్లే. కానీ ఇంట్లో ఏదీ ఉలకదు, పలకదు. బట్టలుతికే మిషను పనైపోయాక పెట్టే కూత లేదు. వంటింటి కిటికీ దగ్గరికి పిట్టలు రావడం మానేశాయి. ఆఖరికి దోమ కూడా చెవి దగ్గర పాడకుండానే కుట్టి పోతోంది. మనిషి పోతూ పోతూ చప్పుళ్లన్నీ కొంగున కట్టుకుపోయిందనుకున్నాడు మేస్త్రీ. ఇలాంటివి ఎవరికి చెప్పుకుంటారు? అందరిళ్లల్లోనూ ఇలాగే ఉంటుంది కాబోలనుకుని ఊరుకున్నాడు. పొద్దున లేవడం, షెడ్డుకి పోవడం, నడుం పట్టేసేదాకా వంగి పనిచేయడం, వచ్చి పడుకోవడం. అంతే.

ఒకరోజు ఆయన బామ్మర్ది వ్యాను తీసుకుని వచ్చాడు. ముసలివాళ్లనీ, నడవలేనివాళ్లనీ ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొచ్చే వ్యాను అది.

"బావా, రోజూ ఎక్కే అవ్వ ఒకావిడ నా ప్రాణం తీస్తోంది. 'నీ బండి ఏడుస్తోందయ్యా, దానికేం కష్టమో కనుక్కో' అంటుంది. నాకా, అద్దాలు దించుకుని పోతుంటాను, రోడ్డు గోలలో ఏదీ తెలీదు. ఓసారి విని చెప్పు."

మేస్త్రీ ఒక్కడే ఎక్కి వీధి చివరిదాకా పోయాడు. బ్రేకు తొక్కాడు, మళ్లీ తొక్కాడు. ఏమీ లేదు. తిరిగొచ్చి, చక్రం సందుల్లోంచి లోపలికి తొంగి చూశాడు. బయటివైపు బిళ్ల మందంగానే ఉంది. లోపలి బిళ్ల చూడాలంటే చక్రం విప్పాలి. విప్పుదామా అనుకున్నాడు. నడుం గుర్తొచ్చింది.

"ఏం లేదురా. దుమ్ము పట్టుంటుంది. నీళ్లు కొట్టించు."

"నువ్వు విన్నావుగా, ఇక ఆ అవ్వకి నేను చెప్పుకుంటాలే."

వారం పైన గడిచాక బామ్మర్ది మళ్లీ వచ్చాడు. ఈసారి మొహంలో నెత్తురు చుక్క లేదు. బండి గరగరమంటూ, ఇనుమును ఇనుముతో రుబ్బుతున్నట్టు వచ్చి ఆగింది. ఆ చప్పుడు మేస్త్రీకి వీధి మొదట్లోనే వినపడింది.

"ఆసుపత్రి గేటు దగ్గర తొక్కాను బావా. ఆగాల్సిన చోట ఆగలేదు. చక్రాల కుర్చీలో ఓ తాత ఎదురుగా ఉన్నాడు. జానెడు, బావా. జానెడు దూరంలో ఆగింది. ఆ తాత నన్నేమీ అనలేదు కూడా. ఊరికే చూశాడు."

మేస్త్రీ జాకీ పెట్టి చక్రం విప్పాడు. బయటి బిళ్ల మందంగా అలాగే ఉంది. లోపలిది పూర్తిగా అరిగిపోయి, దాని వెనకాలి ఇనప పలక డిస్కుని గీరేసింది. రెండు బిళ్లల్నీ సమానంగా కదిలించాల్సిన పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోయింది. బరువంతా లోపలిదే మోసింది. ఒక కాలు ఈడ్చి నడిచేవాడికి ఆ కాలి చెప్పు ఒక్కటే అరిగినట్టు.

"నకిలీ ప్యాడ్లయి ఉంటాయి బావా" అన్నాడు బామ్మర్ది, బావని తనే వెనకేసుకొస్తూ. "కూత రేకు లేనివి అంటగట్టి ఉంటాడు ఆ కొట్టువాడు. లేకపోతే నీకు వినపడకపోవడమేంటి!"

ఊఁ అంటే సరిపోయేది. కానీ చేతిలో ఉన్న అరిగిన బిళ్లకి కూత రేకు ఉంది. డిస్కుకి రాసుకుని రాసుకుని అద్దంలా మెరుస్తోంది. అంటే అది కూసింది. రోజుల తరబడి కూసింది. మేస్త్రీ దాన్ని బొటనవేలితో తడుముతూ కూర్చుండిపోయాడు.

అప్పుడే కోడలు క్యారియరుతో వచ్చింది. పొద్దున ఆయన మరిచిపోయి వచ్చేశాడు.

"రా అమ్మా. కాస్త అక్కడే నిలబడు" అన్నాడు మేస్త్రీ. అటువైపు బిళ్లలు ఇంకా కూసే దశలోనే ఉండాలి. వ్యాను రెండో వైపు కూడా జాకీ మీద ఎత్తి, ముందు చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పి వదిలాడు. ఆయనకి టైరు గాలి చప్పుడు ఒక్కటే తెలిసింది.

కోడలు చెవుల్లో వేళ్లు పెట్టుకుంది. "అబ్బబ్బ, ఆపండి మావయ్యా! పళ్లు జివ్వుమంటున్నాయి."

ఆయన చక్రం వైపు చూడలేదు. ఆ పిల్ల వేళ్ల వైపు చూశాడు. చక్రం దానంతటదే ఆగింది.

"అమ్మా, ఇంట్లో బట్టల మిషను... ఇప్పటికీ కూస్తుందా?"

"రోజూ కూస్తుంది మావయ్యా. అయిపోయిందని చెప్పాలిగా."

"కిటికీ దగ్గర పిట్టలు?"

"తెల్లారకముందే మొదలుపెడతాయి. నిద్రపోనిస్తేగా!" అని నవ్వబోయి, మావగారి మొహం చూసి ఆగిపోయింది. మెల్లగా అంది: "మిషను కూస్తే 'అదిగో కూసింది', పిట్టలు అరిస్తే 'అదిగో వచ్చాయి' అంటూ అత్తయ్యే గబగబా లేచి వెళ్లేది. 'నువ్వు కూడా మావయ్యని అడగకు, వినపడిందా లేదా అని ఎప్పుడూ అడగకు' అని నాతో అనేది. ఎందుకత్తయ్యా అంటే, అలిసిపోయి వస్తారు పాపం అనేది."

మేస్త్రీ పాత డబ్బా బోర్లించి దాని మీద కూలబడ్డాడు. ఉక్కగా ఉందని వచ్చిన మనిషి. చెమటారలేదని రెండో చుట్టు తిప్పించిన మనిషి. వడగాలి కొట్టే ఎండల్లో కూడా గాలి కోసమనే చెప్పింది, ఆయన నమ్మాడు. వీధంతా మెచ్చుకున్న చెవులు పక్క సీట్లో కూర్చుని, పని అయ్యాక ఖాళీ క్యారియరు మోసుకుంటూ ఇంటికి నడిచి వెళ్లాయి.

"ఆ ప్యాడ్ల కొట్టువాడి సంగతి రేపు తేలుస్తా" అంటున్నాడు బామ్మర్ది.

"వాడినేం అనకురా. అది కూసింది. నాకే వినపడలేదు."

"ఆరోజు రోడ్డు మీద గోలగా ఉందేమో..."

"గోల లేదు. సన్న చప్పుళ్లు నాకు వినపడవు. ఎప్పట్నుంచో వినపడవు. మీ అక్క విని చెప్పేది."

బామ్మర్దికి కోపం వచ్చింది. "ఆ తాతకి తగిలుంటే, బావా?"

"అదే. అందుకే చెప్తున్నా. ఇక విని చెప్పడం లేదు. ఎవరి బండి వచ్చినా చక్రం విప్పి, రెండు బిళ్లలూ చూసి, పిన్ను కదిలించి చూసి చెప్తా."

"నీ నడుము?"

"ఉన్నంతకాలం ఉంటుంది."

ఆ సాయంత్రానికి కొత్త డిస్కు, రెండు వైపులా కొత్త బిళ్లలు పడ్డాయి. పిన్నులు తుడిచి గ్రీజు రాశాడు. కొత్త బిళ్లలు వేశాక నెమ్మదిగా పోతూ, మెత్తగా తొక్కుతూ వదులుతూ కాసేపు నడపాలి. అప్పుడే బిళ్ల డిస్కుకి ఒద్దికగా అలవాటు పడుతుంది. మేస్త్రీ బండెక్కి తాళం తిప్పబోయి, ఎందుకో పక్కకి చూశాడు. బామ్మర్ది అటువైపు తలుపు పట్టుకుని సందేహిస్తున్నాడు.

"నేనూ రానా బావా? ఏమైనా కూస్తే చెప్తాను."

"ఊరికే కూర్చో. గాలి తగులుతుంది."

వీధి పొడుగునా మెల్లగా పోయారు. తొక్కినప్పుడల్లా మేస్త్రీ పక్కకి చూశాడు, పక్కవాడు ఏమీ లేదని తల అడ్డంగా ఊపాడు. వీధి చివర బండి మెత్తగా, అనుకున్న చోట ఆగింది. అక్కడ గోడ పక్కన ఒక చెట్టుంది.

"దాని మీద పిట్టలున్నాయా?"

బామ్మర్ది తల బయటపెట్టి చూశాడు. "ఉన్నాయి బావా. ఒకటే గోల."

మేస్త్రీ బ్రేకు మీంచి కాలు తీయలేదు. వెనక ఏ బండీ లేదు కాబట్టి కాసేపు అలాగే ఆపి ఉంచాడు.