అత్తారింటికి ఎప్పుడు?

ఏలూరులో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కళ్లు చూసే డాక్టర్ సబీహా, బిడ్డను ముట్టుకునే ముందు అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకుంటుంది. కంటి లోపలి రక్తనాళాలు దారితప్పి పెరిగాయని తేలితే, తల్లివైపు కాక అమ్మమ్మవైపు తిరుగుతుంది. "అమ్మాయిని అత్తారింటికి ఎప్పుడు పంపుతారండీ?" అందరూ దాన్ని కుశలప్రశ్న అనుకుంటారు. వైద్యం ఏదో ఆ జవాబుతోనే తేలుతుంది.

ఇంగ్లండులో పనిచేసినప్పుడు ఇలాంటి కంటికి ఆమె ఇంజెక్షన్ చేసేది. మరో వైద్యం లేజర్; అది పక్కచూపును కొంత తినేస్తుంది, కానీ చాలావరకు ఒక్కసారితో అయిపోతుంది. ఇంజెక్షన్ చూపును తినదు, కానీ జబ్బు మళ్లీ తలెత్తవచ్చు కనుక నెలల తరబడి చూపించాలి. అక్కడ తల్లులు వచ్చేవారు. ఇక్కడికి వచ్చిన కొత్తలో, కైకలూరు బాలింత వీరదుర్గ తల్లి "తప్పకుండా తెస్తామండీ" అంటే, ఆ బిడ్డకూ ఇంజెక్షనే చేసింది. మూడో నెలలో వీరదుర్గ సారెతో అత్తారింటికి వెళ్లింది. పసిబిడ్డను ఊళ్లు తిప్పడమేమిటని అక్కడి పెద్దలు ఆపారు. మళ్లీ తెచ్చేసరికి ఒక కంటి చూపు పోయింది.

ఇవాళ ఉండి గ్రామం నుంచి వచ్చిన పాపాయమ్మ మనవరాలి పాదం నిమురుతూ, "మూడో నెలలోనండీ. ఎక్కడున్నా తీసుకొస్తాం, ఆ పూచీ నాదండీ," అంది.

"అలాగేనండీ," అని సబీహా, లేజర్ సిద్ధం చేయమని నర్సుకు చెప్పింది. పాపాయమ్మ మాటను ఆమె శంకించలేదు. ఆనాడు వీరదుర్గ తల్లి కూడా అబద్ధం చెప్పలేదు.