వెనక వరుస ఓటు

1999లో ఒక సాఫ్ట్‌వేర్ సంఘంవారు తమ వార్షిక సభ వేలూరులో జరపాలా, గుడియాత్తంలోనా అన్న జాతీయ సమస్యను తేల్చడానికి, సగం కట్టిన మా గుడియాత్తం కల్యాణమండపానికి విచ్చేశారు. సభ ఇక్కడికొస్తే మిగతా పని కూడా ఎల్లప్ప మేస్త్రీకే ఇస్తానన్నాడు మండపం యజమాని. రాకుంటే పని నిలిపేస్తానన్నాడు. ఎల్లప్ప సొంతంగా ఒప్పుకున్న మొదటి కట్టడం అది.

కట్టడం పూర్తయ్యేదాకా దిష్టిబొమ్మను దించకూడదు. అది తెలిసీ, చదువుకున్నవాళ్ళు నవ్వుతారని ఎల్లప్ప ఆ పొద్దున దాన్ని గోడ మీదినుంచి దించి, వెనక వరుస కుర్చీలో కూర్చోబెట్టాడు. గడ్డి కూరి, తన పాత చొక్కా తొడిగి, చేతులు ఒంటికి కట్టేసిన బొమ్మ.

అధ్యక్షుడు ప్రభాకరన్ కళ్ళజోడు మరిచి వచ్చినా గంభీరంగా చేతులు లెక్కపెట్టాడు. సభ్యులు చెరిసగమని అందరికీ ముందే తెలుసు.

"గుడియాత్తమే! వెనకాయన చెయ్యి కూడా లేచిందప్పా" అన్నాడు.

ఎల్లప్ప తిరిగి చూశాడు. బొమ్మ చెయ్యి పైకి లేచి ఉంది. తాడు ఒళ్ళో పడి ఉంది.

"సార్, వేలూరే పెట్టుకోండి. ఈడ వద్దు."

"ఏమప్పా, గెలిచినాక ఏడస్తాండావు?"

"నా మాట వినండి నాయనా."

సంఘం పెద్దమనసుతో మళ్ళీ ఓటు పెట్టింది. ఈసారి వేలూరు గెలిచింది, ఆ ఒక్క చేతితోనే.

వ్యాను వెళ్ళిపోయింది. పని పోయినా, బొమ్మను తిరిగి గోడెక్కించాల్సింది ఎల్లప్పే. భుజానికెత్తుకుంటే అది మనిషంత బరువుంది.