సరోజన చీలమండకు నేను కట్టిన పట్టీ

నలభై ఏళ్ళకు పైగా ఒక సంగతిని మోస్తున్నాను. భర్తకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. ఆదివారం ఆదివారం చర్చిలో మోకరించి, చిన్నాపెద్దా తప్పులన్నీ ఒప్పుకుని, ఈ ఒక్కదాని దగ్గరికి వచ్చేసరికి ఆమెన్ అనేసి లేచిపోయాను. దేవుడికి తెలియదా? తెలుసు. కాని నా నోటితో ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

అప్పుడు నేను వరంగల్‌లో డిగ్రీ రెండో సంవత్సరం. డెబ్బయ్యో దశకం చివరి రోజులు. ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తేదాన్ని. సరోజన నాకంటే ఒక ఏడు చిన్న. కాశిబుగ్గలో నేతపని వాళ్ళ అమ్మాయి. పొద్దున కండెలు చుట్టి, కాలేజీకి వచ్చి, సాయంత్రం మాతో గ్రౌండులో పరిగెత్తి, మళ్ళీ ఇంటికి వెళ్ళి మగ్గం దగ్గర కూర్చునేది. నన్ను అక్కా అని పిలిచేది. టిఫిను డబ్బాలో ఏది ఉన్నా సగం నాకు తీసిపెట్టేది. నాకంటే వేగంగా పరిగెత్తేది. ఈ చివరి మాట ముందే చెప్పి ఉండాల్సింది. మిగతాదంతా దానిలోంచే వచ్చింది.

మా నాన్న మిషన్ దవాఖానలో కంపౌండరు. పట్టీలు కట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు నా మనవరాలు మోకాలికి నీలం రంగు సాగే టేపు అంటించుకుని పరుగుకు వెళుతోంది. అది ఒంటికి అంటుకుని, ఒంటితో పాటే సాగుతుంది. ఆ రోజుల్లో అవేవీ లేవు. సాగని తెల్లటి ప్లాస్టరు, రబ్బరు వాసనది, పళ్ళతో కొరికి చించాల్సి వచ్చేది. దాని మీద ముడతల గుడ్డ బ్యాండేజీ. పిక్కలు పట్టేసినా, మోకాలి కింద ఎముక వెంట నొప్పి పుట్టినా, చీలమండ బెణికినా గ్రౌండులో అమ్మాయిలంతా నా దగ్గరికే వచ్చేవారు. నా చేతిలో ఏదో ఉందనేవారు.

చీలమండ సంగతి నాన్న మరీ మరీ చెప్పాడు. పాదం లోపలికి మడతపడి బెణికితే, పట్టీని లోపలి పక్కన మొదలుపెట్టి, మడమ కింద నుంచి తెచ్చి, బయటి పక్కకు పైకి లాగాలి. అప్పుడది పాదాన్ని బయటికి పట్టి ఉంచుతుంది, మళ్ళీ మడతపడనివ్వదు. అటుది ఇటు చేస్తే, దెబ్బ తగిలిన వైపుకే పాదాన్ని మనం చేతులారా లాగి కట్టినట్టు. దానికంటే కట్టకుండా ఉండటమే మేలనేవాడు.

రాష్ట్ర పోటీలకు జిల్లా నుంచి ఎనిమిది వందలకు ఒక్కరినే పంపుతారు. ఆ ఎంపిక పరుగుకు పది రోజుల ముందు, మగ్గం గుంటలోంచి పైకి ఎక్కుతుంటే సరోజన ఎడమ పాదం లోపలికి మడతపడింది. వాచింది. ఉప్పునీళ్ళ కాపడం పెట్టింది. వాపు తగ్గింది కాని కీలు వదులుగానే ఉంది. రోజూ నేనే పట్టీ వేశాను. సరిగ్గానే వేశాను, నాన్న చెప్పినట్టే. ఆ పట్టీతోనే ఆమె రోజూ నన్ను దాటిపోయింది. నేను కట్టిన కాలు నా కళ్ళ ముందు నుంచే ముందుకు పోతుంటే ఏమనిపించేది? గర్వంగా ఉండేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను.

ఎంపికకు ముందురోజు మా డ్రిల్లు సారు నన్ను పక్కకు పిలిచి, వచ్చే ఏడాది పదిహేను వందలకు మారిపొమ్మన్నాడు. సరోజన ఉన్నన్నాళ్ళూ ఎనిమిది వందల్లో నువ్వు రెండోదానివేనన్నాడు. నా మేలు కోరే అన్నాడు. నేను తలూపి ఇంటికి వచ్చాను. అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండిపోయాను. వచ్చే ఏడాది ఎక్కడిది? రాష్ట్ర పోటీల్లో పరిగెత్తినవాళ్ళకు రైల్వేలో ఆటల కోటా కింద ఉద్యోగాలు వస్తున్నాయి. నాకు ఆ ఉద్యోగం కావాలి. ఆమెకు అక్కర్లేదా అని ఆ సాయంత్రం ఒక్కసారైనా అనుకున్నానా? గుర్తు లేదు. అనుకుని ఉంటే గుర్తుండేది.

మర్నాడు పొద్దున. మట్టి ట్రాకు మీద సున్నం గీతలు వేస్తున్నారు. స్టాండు మెట్ల మీద సరోజన కూర్చుంది. నేను కింది మెట్టు మీద కూర్చుని ఆమె ఎడమ పాదాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను. స్పిరిటుతో తుడిచాను. ప్లాస్టరు చించాను. ఆమె కళ్ళు మూసుకుని ఉంది, ఎవరికో మొక్కుకుంటున్నట్టు.

"జర గట్టిగ కట్టక్కా. ఇయ్యాల ఒక్కరోజు ఆగితె చాలు, తర్వాత ఎన్ని దినాలన్న పండవెడ్త దీన్ని," అంది.

నేను పట్టీని బయటి పక్కన మొదలుపెట్టాను. మడమ కింద నుంచి తెచ్చి లోపలికి లాగాను. దాని మీద ఇంకొకటి, అదే దారిలో. పైన అడ్డంగా మూడోది. వాటి మీద బ్యాండేజీ చుట్టేశాను. ఇక చూసేవాళ్ళకు ఏమీ కనబడదు.

ఆమె లేచి నాలుగడుగులు వేసింది. ఆగింది. పాదాన్ని చూసుకుంది.

"ఏందో తీరుగున్నదక్కా. కాలు లోపటికి గుంజుతాంది."

"కొత్త ప్లాస్టరు గద. రెండు రౌండ్లు ఉరికితె అదే సదురుకుంటది."

"అట్లనా," అని నవ్వింది. "నువ్వుండంగ నాకేం ఫికర్."

చాలా ఏళ్ళు ఈ నాలుగు మాటల్నే తిప్పి తిప్పి విన్నాను. విప్పేసి మళ్ళీ కట్టడానికి టైముంది. అప్పటికింకా షాట్‌పుట్ కూడా అవలేదు.

రెండో రౌండు, చివరి మలుపు. ఆమె నాకంటే నాలుగు గజాలు ముందుంది. మలుపులో ఒళ్ళు ఎడమకు వాలుతుంది కదా, బరువంతా ఎడమ పాదం బయటి అంచు మీద పడుతుంది. ఆ పాదం లోపలికి తిరిగిపోయింది. నేను చూశాను. పచ్చి కర్ర విరిచినట్టు ఒక చప్పుడు విన్నాను. ఆమె పడింది. నేను ఆమె పక్క నుంచి పరిగెత్తాను. ఆగలేదు. తల తిప్పలేదు. గీత దాటాను. మొదటి స్థానం.

తర్వాత చేసింది మరీ ఘోరం. గీత పక్కన పెట్టిన నా పట్టీల సంచిలోంచి కత్తెర లాక్కుని, అందరికంటే ముందు నేనే ఆమె దగ్గరికి వెనక్కి పరిగెత్తాను. అయ్యో అనుకుని కాదు. సారు వచ్చేలోగా మోకాళ్ళ మీద కూర్చుని, కత్తెరతో బ్యాండేజీని, పట్టీలను కలిపి కత్తిరించి, ఉండలా చుట్టి నా నిక్కరు జేబులో కుక్కుకున్నాను. ఎందుకు తీశావని సారు అడిగాడు. వాస్తోంది సార్, బిగుసుకుపోతుందని తీశాను అన్నాను. ఆయన నా భుజం తట్టాడు. పరుగు గెలిచి కూడా స్నేహితురాలి కోసం వెనక్కి ఉరికిన పిల్ల అని ఆ రోజంతా అందరూ చెప్పుకున్నారు. నొప్పితో వణుకుతూ సరోజన నా చెయ్యి పట్టుకునే ఉంది. ఆ ఉండను ఇంటికి పోయి నీళ్ళ పొయ్యిలో వేశాను. ప్లాస్టరు తొందరగా కాలదు. పొగ, కంపు. అమ్మ ఏమిటని అడిగితే పాత చెప్పు అన్నాను.

ఆమెను చూసింది మా నాన్న పనిచేసే దవాఖానలోనే. కీలు బయటి పక్క నరాలు తెగాయని, ఎముక ముక్క కూడా ఊడి వచ్చిందని డాక్టరు చెప్పారట. రెండు నెలలు సిమెంటు కట్టు. ఆ సాయంత్రం నాన్న చేతులు కడుక్కుంటూ, నా వైపు చూడకుండానే అడిగాడు.

"ఎట్ల కట్టినవ్ బిడ్డా?"

"నువ్వు చెప్పినట్టే నాయినా."

ఆయన కడుక్కున్న చేతులే మళ్ళీ కడుక్కున్నాడు. తువ్వాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ తర్వాత ఎవరి కాలికైనా పట్టీ కట్టమని నాకు చెప్పనూ లేదు. ఆయనకు తెలుసా? తెలిసి ఊరుకున్నాడా? ఆయన పోయే ముందు పదకొండు రోజులు పక్కనే కూర్చున్నాను. అడగలేకపోయాను.

రాష్ట్ర పోటీల్లో నాకు ఆరో స్థానం వచ్చింది. అదే చాలింది. ఉద్యోగం వచ్చింది. సరోజన మళ్ళీ పరిగెత్తలేదు. చదువు ఆపేసింది, పెళ్ళయింది, కాశిబుగ్గలోనే ఉండిపోయింది.

ఏడెనిమిదేళ్ళ తర్వాత, నేసిపెట్టమని నేను ఒకరి ద్వారా కబురు పంపిన జంపఖానా కోసం వెళితే, ఆ ఇల్లు ఆమెదే. నాకు తెలియదు. తెలిస్తే వెళ్ళేదాన్ని కాదు. ఆమె కుంటుతూ ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. మగ్గం మీద ఆమె భర్త ఉన్నాడు. తను నెయ్యదట, ఎడమ కాలితో తొక్కుడుచెక్క తొక్కలేదట. కండెలే చుడుతుందట. నవ్వుతూనే చెప్పింది. కూతురిని పిలిచి, పందెం గెలిచి కూడా నాకోసం ఎనకకు ఉరికొచ్చిన పెద్దమ్మ ఈమెనే అని చూపించింది. ఆ పాప నన్ను కళ్ళు విప్పార్చుకుని చూసింది.

నా ముఖంలో ఏం కనబడిందో, సరోజన నా పక్కన కూర్చుని మెల్లగా అంది: "నువ్వెందుకు మనసుల వెట్టుకుంటవక్కా. నువ్వు మంచిగనె కట్టినవ్. నేనే కాలు తప్పేసిన."

అప్పుడు చెప్పాలి. నోరు తెరిచాను కూడా. చాయ్ గ్లాసు ఎత్తి తాగాను. మా ఆయన ఎదురుచూస్తుంటాడని లేచి వచ్చేశాను. గ్రౌండులో చేసిన దానికి ఇరవై ఏళ్ళ పిల్ల బుద్ధి అని పేరు పెట్టుకోవచ్చు. ఈ చాయ్‌కి ఏం పేరు పెట్టను?

ఆమె ఇంకా ఉంది. ఆ ఇంట్లోనే ఉందని విన్నాను. వెళ్ళి చెబుతానా? చెబితే బరువు దిగేది నాకు. ఆమెకు మిగిలేది ఏమిటి? ఇన్నేళ్ళూ దాచుకున్న ఒక మంచి అక్క కూడా పోతుంది. ఇలా అనుకోవడం ఆమె మీద దయా, లేక నా పిరికితనమేనా? రెండోదే అనుకుంటాను. అందుకే మీ దగ్గర క్షమాపణ అడగడం లేదు. అది ఇవ్వాల్సింది మీరు కాదు.

ఎలా కట్టినా ఆ కీలు తెగేదేమోనని కొన్నేళ్ళు సర్దిచెప్పుకున్నాను. చెయ్యి పొరబడిందని కొన్నేళ్ళు. ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మొదటి పట్టీ చెయ్యి పొరపాటే కావచ్చు, రాత్రి నిద్ర లేక, మనసు ఎక్కడో ఉండి. దాన్ని నిజంగా తేల్చలేను. కాని అది తప్పుగా పడిందని వెంటనే చూశాను. చూసి, ఒక్క క్షణం ఆగాను. ఆమె కళ్ళు మూసుకునే ఉంది. రెండో పట్టీ చించి, అదే దారిలో, మొదటిదానికంటే గట్టిగా లాగాను.

తెలిసే లాగాను.