కుర్చీని మీ భాషలో ఏమంటారు?

ఆశ్రమ పాఠశాలలో మా ఆదివాసీ ఒడియా మాట ఒక్కటి నోరుజారినా అరచేతి మీద బెత్తం పడేది. పదో తరగతికి వచ్చేసరికి నాకు కలలు కూడా తెలుగులోనే వచ్చేవి. మాస్టార్లు దాన్ని అభివృద్ధి అనేవారు.

తొంభైల చివర్లో టీచర్ ట్రైనింగులో సీటొచ్చింది. మర్నాటికల్లా గిరిజన సర్టిఫికెట్ చూపించకపోతే అది ఇంకొకరికి పోతుంది. టైడాలో రైలెక్కి అమ్మా నేనూ సర్టిఫికెట్లిచ్చే ఆఫీసుకు వెళ్ళాం. అక్కడి అధికారి నన్ను సంతలో మేకను చూసినట్టు చూశాడు.

"చుడీదారు వేసుకున్నావు, తెలుగు మాలాగే మాట్లాడుతున్నావు. ట్రైబల్ అంటే ఎవరు నమ్ముతారమ్మా? ఏదీ, కుర్చీని మీ భాషలో ఏమంటారు?"

"కుర్చీ అనే అంటామండి."

"ఫ్యాన్ని?"

"ఫ్యానేనండి."

గుమస్తాలంతా నవ్వారు. నేను అబద్ధం చెప్పలేదు. మా ఇంట్లో కుర్చీ లేదు. ఊళ్ళో కరెంటే లేనప్పుడు ఫ్యానుకు పేరెవరు పెడతారు? గంజినో గొడ్డలినో అడిగుంటే చెప్పేదాన్ని. తన గదిలో ఉన్నవే లోకమనుకునే ఆ మొహం గుర్తొస్తే ఇప్పటికీ రోత పుడుతుంది. ఒకడు కొట్టి మాన్పించిన భాషకు ఇంకొకడు పరీక్ష పెడుతున్నాడు.

గుమ్మం దగ్గర కూర్చున్న అమ్మ లేచొచ్చింది. "ఏటి బాబూ, మా గుంటకి బేగి రాసియ్యరేటి? సీటు పోద్దంట."

"దొంగ ట్రైబల్స్ ఎక్కువైపోయారు," అంటూ అతను నా కాగితాన్ని పక్కకు నెట్టేశాడు.

అమ్మ అతని మొహంలోకి చూస్తూ, గొంతు పెంచకుండా, మా భాషలో తిట్టడం మొదలుపెట్టింది. అతని పుట్టుక దగ్గర ఎత్తుకుని పాడె దాకా తీసుకెళ్ళింది.

అధికారి మొహం విప్పారింది. "అదీ, అసలైన ట్రైబల్ అంటే!" అని సంతకం పెట్టి ముద్ర వేయించాడు. "ఇంతకీ ఏమంటోంది?"

"దీవిస్తోందండి," అన్నాను.

అతను అమ్మకు నమస్కారం పెట్టాడు. నాకు నవ్వు రాలేదు. మనిషిని చూసి కాదు, వింతను చూసి పెట్టిన సంతకం అది. అయినా భద్రంగా మడిచి దాచుకున్నాను, సీటు కావాలి కాబట్టి.

ట్రైనింగయ్యాక ఒక ఆశ్రమ పాఠశాలలోనే ఉద్యోగం వచ్చింది. చేరిన రోజే హెడ్మాస్టరు నా చేతికి బెత్తం ఇచ్చి, "వాళ్ళ భాష మాట్లాడితే ఊరుకోకండి మేడమ్," అన్నాడు.

అమ్మ తిట్లలో నాకు గుర్తున్నవన్నీ వాడి అతన్ని దీవించాను.