సాంజావ్ పండక్కి నేను తెప్పించిన ఐసు

ఒక పండగను నిండా నీట ముంచిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి, చాలు.

అప్పట్లో నేను గల్ఫ్‌లో, ఫుజైరాలో నర్సుని. నాతో పనిచేసే లవీనా గోవా పిల్ల. హిందీయే మా ఇద్దరికీ వంతెన. జూన్ నెలాఖరులో వాళ్ళకి సాంజావ్, అంటే బాప్తిస్మమిచ్చు యోహాను పండగ. మా బందరు చర్చిలో యోహాను అంటే ఆయన తిన్న మిడతలూ, అడవి తేనే, అంతే. వాళ్ళు మాత్రం తలకి పూల కిరీటాలు పెట్టుకుని, వానలకి నిండిన బావుల్లోకి దూకుతారట. కొత్త అల్లుడు దూకితే మరీ గొప్పట.

లవీనాకి అప్పుడే పెళ్ళయింది. కరోనా రోజులు. ఊరెళితే మళ్ళీ రానిస్తారో లేదో తెలియదు. కూతురి కోసం వచ్చిన వాళ్ళమ్మ, "అల్లుడి తొలి పండగ బావి లేకుండా ఎలా?" అని దిగులుతో తిండి మానేసినంత పని చేసింది. చివరికి ఒక ఖర్జూరపు తోటలో నీళ్ళ తొట్టి అద్దెకి దొరికింది.

"నీళ్ళ సంగతి నాకొదిలెయ్యండి" అన్నాను. ఎవరైనా అడిగారా నన్ను? లేదు.

పండగనాడు తొట్టిలో చెయ్యి పెడితే ఏముంది, గల్ఫ్ ఎండకి నీళ్ళు రసంలా కాగుతున్నాయి. కొత్తిమీర చల్లడమే తరువాయి. అల్లుడు దూకితే ఉడికి తేలతాడు! వెంటనే మా హాస్పిటల్ బండి నడిపే నెల్లూరు మస్తాన్ భాయ్‌కి ఫోన్ చేశాను.

"భాయ్, అర్జంటుగా ఐసు కావాలి. తొట్టెడు!"

"తొట్టెడా? ఏంది సిస్టర్, ఏనుక్కేమన్నా జొరమొచ్చిందా?"

"జోకులు తర్వాత భాయ్. ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకురండి."

కాసేపటికే పికప్ నిండా ఐసుతో దిగాడు. "యల్లా సిస్టర్, కరిగిపోతా ఉంది, బిరీన పోసెయ్యండి!"

ఎక్కడిదని అడగాలి కదా? అడగలేదు. వాసనైనా చూడాలి కదా? ముక్కు మీద రెండు మాస్కులాయె. ఇద్దరం కలిసి గుమ్మరించాం.

అల్లుడు మెల్విన్ "వివా సాంజావ్!" అని కేకపెట్టి దూకాడు. వెనకే అతని స్నేహితులు దూకారు. మెల్విన్ పైకి తేలాడు. బుగ్గ మీద చేప పొలుసు తళతళలాడుతోంది. పూల కిరీటంలోంచి రొయ్య తోక వేలాడుతోంది.

"సుగుణా," అంది లవీనా నెమ్మదిగా, "ఈ ఐసు ఎక్కడిది?"

నేను మస్తాన్ భాయ్ వైపు చూశాను.

"చేపల మార్కెట్టుది సిస్టర్. మీరే గదా, యాడ దొరికితే ఆడ తెమ్మన్నారు!"

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం పాత సామెత. అందరూ మునిగాక ముక్కు పట్టుకోవడం నా సొంతం. తోటలోని పిల్లులన్నీ శుభలేఖ అందినట్టు గట్టు మీద బారులు తీరాయి.

లవీనా వాళ్ళమ్మ, ఆంటీ వచ్చింది. వంగి అల్లుడి తల వాసన చూసింది. కళ్ళు తుడుచుకుంది. ఖలాస్, పండగ పోయిందనుకున్నాను.

"మా ఇంటి వెనకే పడవల రేవు," అంది. "మా బావి దగ్గర నిలబడితే అచ్చం ఇదే వాసన. వచ్చిన దగ్గర్నుంచీ ఇక్కడ ఏం తక్కువైందో ఇప్పుడు తెలిసింది, బేటీ."

అని, చెప్పులు విడిచి, నైటీతోనే దభీమని దూకేసింది! పైగా నా చెయ్యి పట్టి లోపలికి లాగింది. మాస్కులు జారిపోయాయి. ఒక్కసారిగా బందరు హార్బరూ, నాన్న పొద్దున్నే సంచిలో తెచ్చే రొయ్యలూ ముక్కులోకి దూరాయి. ఆమె కొంకణిలో పాడుతుంటే, ఒక్క ముక్క అర్థంకాకపోయినా నేనూ గొంతు కలిపాను. ఎందుకో ఏడుపొచ్చింది. నీళ్ళలో ఎవరికి తెలుస్తుంది లెండి.

మరుసటి ఏడు పండక్కి ఆంటీ గోవా నుంచి ఫోన్ చేసింది. "బావి నిండింది, పూలున్నాయి, అల్లుడూ వచ్చాడు. కరోనాకి వేట ఆగి రేవులో పడవలే లేవు, ఆ వాసనా లేదు. నీళ్ళు ఉత్త నీళ్ళలా ఉన్నాయి. ఆ మస్తాన్ నంబరు ఉందా?"

అందుచేత అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ భక్తుడి పండగకీ నీళ్ళ జోలికి పోను. పూలు గుచ్చుతాను, పాటలు పాడతాను, మహా అయితే చేపల పులుసు పెడతాను. అందులో చేపల వాసన వస్తే ఎవరూ నన్నేమీ అనరు.