రబాబాకు నా చెవి

ఈ అరబ్బు దేశంలో, వాడి కబీర్ అనే పేటలో మా చెల్లెలి కూతురి ఇంట్లో ఉంటున్నాను. దాని బిడ్డ వయొలిన్ నేర్చుకుంటూ, సెల్‌ఫోన్ పక్కన పెట్టుకుని, శ్రుతి కుదిరినట్టు తెర మీద పచ్చరంగు వచ్చేదాకా తీగ బిగిస్తుంటే నిన్న చూశాను. ఇదే దేశంలో సలాలా ఊళ్ళో అరబ్బుల ఇంటిపనికి కుదిరిన నా తొలి ఏళ్ళు గుర్తుకొచ్చాయి.

ఆ ఇంటి పెద్దాయనను అందరిలాగే నేనూ బాబా అనేదాన్ని. ఆయనకో రబాబా ఉండేది. చెక్క చట్రానికి మేకతోలు బిగించి, గుర్రపు వెంట్రుకలతో పేనిన ఒంటి తీగ కట్టిన వాద్యం, కమానుతో వాయిస్తారు. వానాకాలపు చెమ్మకు తోలు సాగిపోయేది కనుక దాన్ని నిప్పుల సెగకు వెచ్చచేయడం, కమానుకు సాంబ్రాణి రుద్దడం నా డ్యూటీలో చేరాయి. సాంబ్రాణి లేకపోతే కమాను ఊరికే జారుతుంది, చప్పుడే రాదు. అది తెలియక మొదటిరోజు శుభ్రం చేద్దామని నూనెగుడ్డతో తుడిచాను. ఎంత తిట్టాడో, అరబీ రాకపోవడం ఆనాడు నాకు మేలే చేసింది.

కొన్నేళ్ళకు బాబాకు చెవుడొచ్చింది, కొడుకులు ఇక వాయించొద్దన్నారు. పండక్కి అందరి ముందు ఒక్కసారి వాయించి తీరాలని ఆయన పట్టు. శ్రుతి చేసే పని నాకిచ్చాడు. నాకేం సంగీతం? కడప సంతలో అమ్మ వెంట కుండలు కొట్టి చూసి, బీటలున్నవి పక్కన పెట్టిన చెవి, అంతే.

“ఇక నీ చెవే నా చెవి. బాగాలేకపోతే తల మీద చెయ్యి పెట్టు, ఆపేస్తా” అన్నాడు వచ్చీరాని హిందీలో. సరేనన్నాను.

పండగనాడు ముసురు పట్టింది. సగం పాటకే తోలు సాగి, తీగ గొంతు జారిపోయింది. కొడుకులు తలలు దించుకున్నారు, మనవరాళ్ళు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఆయన మాత్రం నా మీదే చూపు నిలిపి, ఆనందంగా వాయిస్తున్నాడు. చెయ్యి ఎత్తబోయి, ఎత్తలేక, బాగుందన్నట్టు తల ఊపాను.

అయిపోయాక చుట్టూ చూశాడు. ఆ ముఖాలు చూశాక ఆయనకు సంగతి తెలిసిపోయింది. తీగ విప్పి, చుట్టచుట్టి, నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తరువాత రబాబా ముట్టలేదు, నన్ను పిలిచి కూర్చోబెట్టుకోనూ లేదు.

జాలిపడే అలా చేశానని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. జాలిపడేవాళ్ళు ఆ ఇంట్లో ఇంకా చాలామంది ఉన్నారు, ఆయన నన్నొక్కదాన్నే నమ్మాడు. ఇప్పుడు నాకూ వినికిడి తగ్గింది. పూజ దగ్గర పాట పాడితే ఇంట్లోవాళ్ళు చిరునవ్వుతో తల ఊపుతారు. ఒకప్పుడైతే దానికే మురిసిపోయేదాన్ని. ఇప్పుడు సగంలో పాట ఆపి, నిజం చెప్పే మనిషి కోసం ఒక్కొక్కరి ముఖం వెతుకుతాను.